ఒక్క పేరు చాలునన్న ఒప్పందం

నంద్యాల పోయి వచ్చిన వారు నవనందుల పుణ్యాన్ని వర్ణిస్తారు. నేను తొమ్మిదింటిలో ఒక్క నందినీ చూడలేదు. ఐదు దినాలు అక్కడ ఉండి నేను చూసినది ఒక అంతర్జాతీయ సహకారాన్ని. పుణ్యం మాట అటుంచితే వినోదానికి లోటు జరగలేదు గనుక, అటువైపు పోని వారి కోసం రాస్తున్నాను.

ఉత్తర ఐరోపాలోని ఒక విశ్వవిద్యాలయమూ, మన దేశపు విద్యాసంస్థ ఒకటీ చేతులు కలిపి, ఆళ్లగడ్డ రాతిశిల్పుల విద్యను 'పరస్పరం మార్చుకోవాలని' నిశ్చయించాయట. వారి నుంచి మనకు మారి వచ్చేదేమిటో ఆహ్వానపత్రంలో ఎంత వెదకినా కనబడలేదు. శిల్పశాస్త్రం చదివిన వాడొకడు సభలో ఉంటే బాగుంటుందని ఎవరో అనగా, నలభై యేళ్లు ప్రాచ్య కళాశాలలో సంస్కృతాంధ్రాలు చెప్పి, తెనాలి దగ్గర మా పల్లెలో విశ్రాంతిగా ఉన్న నాకు పిలుపు వచ్చింది. నా పేరు ముందు 'శాస్త్ర సలహాదారు' అని అచ్చు వేశారు. సలహా అడుగుతారని నమ్మి బయలుదేరాను. ఈ వయసులో అంత అమాయకత్వం మిగిలి ఉందని నాకే తెలియదు.

గిద్దలూరు దాటాక

గిద్దలూరు దాటిన తరువాత రైలు నల్లమలలోకి దూరుతుంది. సొరంగం చీకటిలో మాటలాగిపోయి, వెలుతురు రాగానే అందరూ ఎక్కడ ఆపారో అక్కడినుంచి మళ్లీ అందుకుంటారు. మా డెల్టాలో ఎటు చూసినా ఒకటే పచ్చదనం. ఇక్కడ కొండ, వాగు, మళ్లీ కొండ. కన్నుకు పని తగిలింది.

నా ఎదుట నంద్యాల దగ్గరి గోస్పాడు రైతు ఒకాయన కూర్చున్నాడు. గుంటూరులో మిరపకాయలు అమ్మి వస్తున్నాడు. గుడ్డ విప్పి జొన్నరొట్టె తుంచి, చెనక్కాయల పొడి అద్ది, అడగకుండానే నా చేతిలో పెట్టాడు. మా వైపు రైలులో పరాయివాడు పెట్టినది తినవద్దని పిల్లలకు నేర్పుతాము. ఇక్కడ వద్దంటే తిట్టినట్లేనని ఆయన ముఖం చెప్పింది. తిన్నాను. కారానికి కళ్లు చెమర్చాయి.

"యాడికి పోతాండారు సామీ?"

"నంద్యాలలో సభ ఉంది. ఆళ్లగడ్డ శిల్పుల విద్య నేర్చుకోవడానికి విదేశాల నుంచి పండితులు వస్తున్నారు."

"నేర్చుకునేకి వస్తాండారా, రాసుకునేకి వస్తాండారా?"

"రెంటికీ భేదం ఏమిటి?"

"అయ్యో! నేర్చుకునేటోడు కింద కూసుంటాడు. రాసుకునేటోడు కుర్చీ అడుగుతాడు."

విద్యార్థి లక్షణాన్ని ఇంతకన్న క్లుప్తంగా చెప్పిన సూత్రాన్ని నేను ఎరుగను.

నంద్యాల: సభారంభం

సభ ఒక హోటలు పైఅంతస్తులో జరిగింది. జ్యోతి వెలిగించే కార్యక్రమం పావుగంట పట్టింది. శీతల యంత్రం సరిగ్గా ఆ దీపపు కుందె మీదికే ఊదుతోంది. దానిని ఆపే అధికారం ఎవరికుందో తేలలేదు. చివరకు ఐదుగురు పెద్దలు ఉత్తరీయాలు అడ్డం పట్టగా ఒక వత్తి వెలిగింది. చప్పట్లు కొట్టగానే ఆరిపోయింది.

సభకు సమన్వయకర్త సుధాకర్ అనే ఆచార్యుడు. హైదరాబాదు వాడు, మాటకు ముందు నవ్వు, నవ్వుకు ముందు కెమెరా వైపు చూపు. ఆయన తెరమీద బొమ్మలు వేసి సహకారం, సమన్వయం, సమ్మిళితం, సుస్థిరం అనే నాలుగు మాటలను గంటసేపు అటూ ఇటూ మార్చి కూర్చాడు. ఆ గంటలో ఉలి అన్న మాట ఒక్కసారి రాలేదు. వేదిక మీద పదకొండుగురం ఉన్నాము. శిల్పి ఒక్కడూ లేడు. అడిగితే, "వాళ్లను రేపు ఫీల్డ్‌లో చూస్తాం కదండీ" అన్నాడు, పులులను గురించి చెప్పినట్లు.

ఒప్పంద సారాంశం మాత్రం ఒకటి నికరంగా తెలిసింది. ఆళ్లగడ్డలో శిల్పులు పనిచేసే ఒక కొట్టంవారికి మూడడుగుల సరస్వతీ విగ్రహం చేయమని పురమాయించారు. ఐదవనాడు సభలో దానిని విదేశీయులకు అప్పగిస్తారు. ఏ శిల్పి పేరు దాని కింది ఇత్తడి పలక మీద ఎక్కుతుందో ఆ శిల్పి ఆరు నెలలు ఆ దేశం పోయి అక్కడివారికి చెక్కుడు నేర్పుతాడు. ఒక్కరికే అవకాశం.

విందులో నాకు పేర్లు తెలియని పదార్థాలు ఉన్నాయి. కాఫీ కావాలంటే వేరే వెల, నూట ఎనభై రూపాయలన్నారు. మెట్లు దిగి వీధిలోకి వచ్చి ఒక బండి దగ్గర ఉగ్గాని అడిగాను. నానబెట్టిన బొరుగులను పోపుపెట్టి, పైన పప్పులపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. నలభై రూపాయలు. బండి యజమాని, తెల్లగడ్డం సాయిబు, నా మెడలో వేలాడుతున్న సభా గుర్తింపు బిళ్లను చూశాడు.

"ఏం సామీ, అంత పెద్ద హోటల్లో తిండి పెట్టలేదా?"

"పెట్టారు. ఏ వస్తువు ఏమిటో తెలియలేదు."

"తెలీనిది తింటే కడుపు అడుగుతాది, ఎవురయ్యా నువ్వు అని. కూసోండి, ఇంగో బజ్జీ ఏస్తా."

మా తెనాలిలో బొరుగులు పిల్లల చిరుతిండి. ఇక్కడ అవే పెద్దల ఉపాహారం. ఆ రోజు నేర్చుకున్న విద్య ఇదొక్కటే.

ఆళ్లగడ్డ: కొట్టం

మరునాడు ఆళ్లగడ్డ. ఊరు రాకముందే దారికి రెండువైపులా రేకుల కొట్టాలు మొదలవుతాయి. వాటి ముందు దేవతలూ, ఏలికలూ, పోయిన నాయకులూ ఒకే తెల్లటి ధూళి పూసుకుని ఒకే వరుసలో నిలబడి ఉంటారు. మా తెనాలిలోనూ విగ్రహాలు చేస్తారు. అక్కడ అచ్చులో పోసేవి ఎక్కువ. ఇక్కడ రాయి. పోసిన తప్పును మళ్లీ పోసి దిద్దవచ్చు. చెక్కిన తప్పుకు ప్రాయశ్చిత్తం లేదు.

మేము పోయిన కొట్టంలో పనిచేసేవారు ముగ్గురు. వీరాచారికి డెబ్బై దాటాయి. రాతి మీద గీత గీసేదీ, చివరన ముఖం తీర్చేదీ ఆయన. నడుమనున్న పని అంతా, అంటే శరీరం, చీర మడతలు, నగలు, దూదేకుల మస్తాన్‌ది. అతని తాతలు దూది ఏకినవారు. అతడు పద్నాలుగో యేట వీరాచారి తండ్రి దగ్గర ఉలి పట్టి, ఇప్పుడు యాభైకి వచ్చాడు. మూడవది వీరాచారి తమ్ముని భార్య లక్ష్మమ్మ. భర్త పోయిన నాటి నుంచి నీళ్లు చల్లి సానరాయితో రుద్ది, నల్లరాతికి మెరుపు తెచ్చే పని ఆమెది.

సుధాకర్ ముందుగానే కల్యాణమండపం నుంచి ఎర్రగుడ్డ కుర్చీలు తెప్పించాడు. వచ్చిన విదేశీయులలో ఎల్సా అనే నడివయసు పండితురాలు కుర్చీని పక్కకు జరిపి, మస్తాన్ ఎదుట రాతిపొడిలో చతికిలబడింది. అతడు సరస్వతి చేతి కంకణం కింద, ఉలి మొన దూర్చి, కంకణానికీ మణికట్టుకూ నడుమ దారం దూరేంత సందు తీస్తున్నాడు. ఆమె గంటసేపు కదలలేదు. ఆమె దిగిన పిదప తాను కుర్చీలో ఉండలేక సుధాకర్ కూడా దిగాడు. ఆయన నల్ల పంట్లాం తిరిగి నల్లబడలేదు.

చివరకు ఆమె అడిగింది, నేను తెలుగు చేశాను: "మా దేశం రమ్మంటే వస్తారా?"

"బేషుగ్గా వస్తా!" అన్నాడు మస్తాన్, ఉలి ఎత్తకుండానే.

"ఇమానం ఎక్కాలని పదేండ్లుగా సంపుతాండాడు," అన్నాడు వీరాచారి. "వీణ్ణే తీసకపోండి తల్లీ. ఈ వయసులో నాకు ఆ చలి యాడ పడతాది?"

అక్కడికి ముగిస్తే ఎంత బాగుండేది! కాని సుధాకర్ చేతిలో దరఖాస్తు పత్రం ఉంది.

"విగ్రహం చేసింది ఎవరు? పేరు చెప్పండి, రాసుకుంటాను."

"కొట్టం," అన్నాడు వీరాచారి.

"మనిషి పేరు?"

"కొట్టం చేసిందప్పా. మాకు పేరు పెట్టే ఆనవాయితీ లేదు."

ఆ ఆనవాయితీని లక్ష్మమ్మ వివరించింది. రాయి దింపిన నాడు పసుపు కుంకుమ పెట్టి, దానికి చెయ్యి తగిలించబోయే వారందరూ తలా ఒక దెబ్బ వేస్తారు. ఆ దెబ్బ పడిన తరువాత 'నేను చేశాను' అన్న మాట ఆ కొట్టంలో ఎవరి నోటా రాకూడదు. అన్నవాడు ఆ రాతిని వదిలి వెళ్లిపోవాలి. "మా మామ నాడు ఒగడు అన్న్యాడంట," అన్నది ఆమె. "వానికి మళ్ల ఆళ్లగడ్డలో ఎవురూ ఉలి ఇయ్యలేదంట."

ఎల్సాకు ఇది నచ్చినట్లే ఉంది, కాని ఒప్పుకోలేకపోయింది. తమ దేశపు ప్రదర్శనశాలల్లో తూర్పుదేశాల విగ్రహాలన్నిటి కిందా తరతరాలుగా 'శిల్పి తెలియదు' అని రాశారనీ, చేసిన మనిషిని చెరిపివేసిన ఆ పాపం ఇక చేయబోమని నియమం పెట్టుకున్నారనీ చెప్పింది. ఆమె మాటలో నిజాయితీ ఉంది. పేరు చెరిపిన పాపానికి పరిహారంగా పేరు కోరుతున్నారు. కోరిన చోట ముగ్గురున్నారు. పత్రంలో గడి ఒక్కటే. పశ్చాత్తాపం కూడా అచ్చులో పోసినదైతే ఇంతే.

"మూడు పేర్లూ రాయండి," అన్నాను.

"పోర్టల్ తీసుకోదండీ," అన్నాడు సుధాకర్. "ఒకే పేరు. పైగా వంశపారంపర్య ప్రధాన శిల్పి అయి ఉండాలి. మీరే శాస్త్రప్రకారం చెప్పండి, అసలు శిల్పి ఎవరు?"

రెండు దినాలలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. శిల్పులు నాలుగు విధాలనీ, గీత గీసి ముగింపు తీర్చేవాడు స్థపతి అనీ, కొలత పట్టేవాడు సూత్రగ్రాహి, చెక్కేవాడు తక్షకుడు, కూర్చేవాడు వర్ధకి అనీ, పని ఎందరిదైనా నిర్మాణం స్థపతిదేననీ చెప్పాను. నలభై యేళ్లు తరగతిలో చెప్పిన మాట. ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూసుకోకుండా, ఉచ్చారణ చెడకుండా చెప్పాను.

"అంటే వీరాచారి గారు!" అని సుధాకర్ గడి నింపేశాడు.

మస్తాన్ సుత్తి ఒక్క దెబ్బ కాలం ఆగింది. మళ్లీ మొదలైంది.

"శాస్త్రమే అట్ల చెప్పినాక మేమేం చెప్తాం సామీ," అన్నాడు వీరాచారి. ఆయన నా వైపు చూసిన చూపులో గౌరవం తగ్గలేదు. తగ్గి ఉంటే నాకు తేలికగా ఉండేది.

విగ్రహానికి అప్పటికి ముఖం లేదు. కిరీటం కింద కోడిగుడ్డు వంటి నున్నని ముద్ద మాత్రం ఉంది. ముఖం మూడు దినాల పని, సభ నాటికి అవుతుందని ఆయన అంతకుముందే మాట ఇచ్చి ఉన్నాడు.

అహోబిలం దారి

మూడవనాడు ప్రతినిధులకు అహోబిల దర్శనం. దిగువ అహోబిలంలో ఒక కోతి, ఎవరి మీదా లేని మక్కువతో సుధాకర్ సంచీని లాక్కుని ఎక్కవలసినంత ఎత్తు ఎక్కింది. లోపల ఒప్పంద ప్రతులు ఉన్నాయి. ఇంగ్లీషు ప్రతిని వాసన చూసి కింద పడవేసింది. తెలుగు ప్రతిని మాత్రం సావకాశంగా పుట పుటా చింపింది. ఆ తెలుగు ఎలా ఉందో నేను ముందటి రాత్రి చూసి ఉన్నాను గనుక, కోతిని తప్పు పట్టలేను.

కొబ్బరిచిప్పలు అమ్మే అవ్వ, "పది రూపాయల చిప్ప చూపించింటే సంచి ఇచ్చేది గదయ్యా," అన్నది. సుధాకర్ ఐదు వందల నోటు చూపిస్తూ కేకలు వేస్తున్నాడు.

స్థానిక భాషలోనూ ప్రతి ఉండాలనీ, రెండు భాషల ప్రతులకూ సమాన ప్రామాణ్యమనీ ధనమిచ్చేవారి నియమమట. దిగివచ్చేటప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"తెలుగు ప్రతి మీరే ఎలాగోలా రాసిపెట్టండి గురువుగారూ. ఎవరు చదువుతారు లెండి!"

మరల ఆళ్లగడ్డ

విగ్రహం కొలతలూ వివరాలూ ప్రతిలో చేర్చవలసి ఉన్నందున, నాలుగవనాడు నేనొక్కడినే బస్సులో ఆళ్లగడ్డ పోయాను. కొట్టంలో ఉలి చప్పుడు లేదు. గొడవ చప్పుడు ఉంది.

"మొండితనం అన్నా నీది! సచ్చేదాకా మొండితనమే!" అంటున్నాడు మస్తాన్.

"సచ్చినాక కూడా. పోయి నీళ్లు తాగు," అంటున్నాడు వీరాచారి, మంచం మీద వక్క కొరుకుతూ.

సరస్వతి మెడ వరకు నిగనిగలాడుతోంది. హారాలు, వీణ తీగలు, వేళ్ల గోళ్లు, అన్నీ పూర్తి. పైన ముద్ద ముద్దగానే ఉంది.

"ముఖం ఎందుకు తీయలేదు?" అన్నాను.

"తియ్యను సామీ."

"రేపే సభ!"

"నేను మొగం తీస్తే నా పేరు ఏస్తారు. నా పేరేస్తే ఈ కొట్టంలో 'నేను చేసినా' అన్న్యట్లే. డెబ్బై ఏండ్లకు నాకా మాట వద్దు. మీరే గదా చెప్పినారు, ముగింపు తీర్చేటోడు స్థపతి అని? ఇప్పుడు చెప్పండి. స్థపతి చెయ్యి పడని రాతికి పేరు ఎవురిది?"

నా శాస్త్రాన్నే నా ముందు పరిచి, దానిమీద నన్ను కూర్చోమన్నాడు. ఇంత చక్కని పూర్వపక్షం నేను పండిత సభల్లోనూ ఎరుగను. తప్పించుకోవడానికి దారి లేదు; ఉన్నా, నాకు అక్కరలేదు.

"తక్షకునిది," అన్నాను. "చెక్కినవానిది."

"ఇన్న్యావా మస్తానూ? పో, ఇమానం ఎక్కు."

మస్తాన్ సంతోషించలేదు. ఎర్రబడ్డాడు. "మొగం లేని తల్లి కింద నా పేరా? వీనికి మొగం చెక్కేకి రాదంటారు!"

"రాదు గదరా! ముప్పై ఆరేండ్లు సూపిచ్చినా వచ్చిందా? నువ్వు తీసిన మొగాలన్నీ మీ చిన్నాయన మాదిరే ఉంటాయి."

లక్ష్మమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మస్తాన్‌కూ నవ్వు వచ్చింది. ఆపుకుని, నా వైపు తిరిగాడు.

"సామీ, నాకు పోవాలనే ఉండాది, అబద్దమేల? ఆ దేశం సూడాల, ఆ రాయి ఎట్లుంటాదో తట్టి సూడాల. కానీ సగం పనిని ఆడ ఇడిచిపెట్టి రాను. కొట్టంలో దింపిన రాయి కొట్టంలోనే ముగియాల. ముగియకుంటే నేను పోయేదీ లేదు, అది పోయేదీ లేదు."

లక్ష్మమ్మ నాకు రాగిసంకటి ముద్ద, రోట్లో నూరిన వేరుసెనగ పచ్చడి, వారు ఊరిబిండి అనేది, పెట్టింది. నమలకుండా మింగాలని నేర్పింది. మా వైపు అన్నాన్ని పొగడుతూ తింటాము. ఇక్కడ సంకటి తింటూ మాట్లాడితే గొంతుకు అడ్డం పడుతుంది గనుక, మౌనం భోజన నియమమైంది. ఆ మౌనంలోనే వీరాచారికి తోచింది.

"ఆ కాయితం మీరే గదా సామీ రాసేది?"

"తెలుగు ప్రతి నేనే."

"అయితే రాయండి. తల్లికి మొగం తియ్యలేదు, పని ముగియలేదు. ఆర్నెల్లకు వీడూ రావాల, వీనితో తల్లీ రావాల. మొగం ఈడ తీస్తాం. అప్పుడు మూడు పేర్లు ఏసుకునేకి గడి ఉంటే తీసకపోనీ. లేకుంటే కొట్టంలోనే ఉంటాది."

ఇంగ్లీషు ప్రతిలో ఉన్నదంతా మొదట తెలుగు చేశాను. తరువాత ఏడవ నియమంగా ఆయన మాటలను పెట్టాను. దాచిపెట్టే చిన్న అక్షరాలలో రాయలేదు. అందరికీ కనబడేలా, గుండ్రని దస్తూరీతో రాశాను. రేపు ఎవరైనా చదివితే ఒప్పందం ఆగిపోవచ్చు, మస్తాన్ ప్రయాణమూ ఆగిపోవచ్చునని ముగ్గురికీ చెప్పాను. "సదివితే సదవనీ," అన్నాడు వీరాచారి.

నంద్యాల: సభాంతం

ఐదవనాడు వేదిక మీద పదముగ్గురం ఉన్నాము. ఇద్దరు ఎక్కడినుంచి పెరిగారో తెలియదు. కొట్టంవారు ముగ్గురూ మూడవ వరుసలో కూర్చున్నారు. విగ్రహం మీది పట్టుగుడ్డ లాగగానే సుధాకర్ ముఖం విగ్రహపు ముఖం వలెనే అయింది. విదేశీ బృందపు పెద్ద లేచి, రెండడుగులు వెనక్కు వేసి, తల ఒకవైపు వాల్చి, చప్పట్లు మొదలుపెట్టాడు. "ఎంత సాహసం! సంప్రదాయం తనను తానే ప్రశ్నించుకుంటోంది!" అన్నాడు. సుధాకర్ మైకు అందుకున్నాడు. మన ఉపనిషత్తులలోని నిరాకార తత్త్వాన్ని ఆళ్లగడ్డ శిల్పి ఆధునికంగా ఆవిష్కరించాడని, అప్పటిదాకా తెలియని సంగతిని ఎప్పటినుంచో తెలిసినట్లు వివరించాడు. విలేకరులు రాసుకున్నారు. పని కాలేదని చెప్పే కోడిగుడ్డుకు అంత భాష్యం పుట్టింది! ఇక పని అయి ఉంటే ఏమి రాసేవారో!

పేరు దగ్గర చిక్కు వచ్చింది. స్థపతి చేయి పడలేదు గనుక వీరాచారి పేరు కొట్టి తక్షకుడు మస్తాన్ పేరు రాయాలని నేను చెప్పగా, సుధాకర్ గొంతు తగ్గించాడు.

"సరస్వతి కింద ఆ పేరా గురువుగారూ? ఎవరైనా ఏమైనా అంటే?"

"ఆ చేతులు ఆమెకు గాజులు తొడిగినప్పుడు లేని అభ్యంతరం పేరు తొడిగితే వచ్చిందా?"

"పైగా వంశపారంపర్యం అని గడి ఉందండీ."

"విద్యలో వంశం రెండు విధాలు. జన్మవంశం, గురువంశం. అతని గురువు వీరాచారి తండ్రి. రాయండి."

రాశాడు. శాస్త్రం తప్పుదారిన పోతే అడ్డు చెప్పనివాడు, సరైన దారిన వచ్చినప్పుడు మాత్రం అడ్డు చెప్పడానికి చదువు చాలక ఆగాడు.

సంతకాలు మొదలయ్యాయి. ఇంగ్లీషు ప్రతిని అందరూ రెండేసి మార్లు తిప్పి చూశారు. తెలుగు ప్రతి చేతులు మారుతూ వచ్చింది. తెలుగువారు తొమ్మండుగురు సంతకాలు చేశారు. ఒకరు నా దస్తూరీని మెచ్చుకున్నారు. సుధాకర్ సంతకం చేస్తూ కెమెరా వైపు చూశాడు. ఏడవ నియమం మీద ఎవరి కన్నూ ఆగలేదు. అది చదవగలిగిన వారందరి చేతుల మీదుగానే దాటిపోయింది.

చివరకు ఎల్సా దగ్గర ఆగింది. ఆమెకు తెలుగు రాదు. వేలితో పుట మీద లెక్కపెట్టి, "ఇంగ్లీషులో ఆరు నియమాలే ఉన్నాయి. దీనిలో ఏడు. ఇదేమిటి?" అని నన్ను అడిగింది.

మూడవ వరుసలో మస్తాన్ రెండు చేతులూ మోకాళ్ల నడుమ దాచుకున్నాడు. అబద్ధం చెబితే అతడు విమానం ఎక్కుతాడు. నిజం చెబితే ఏమవుతుందో తెలియదు. మెల్లగా, ఒక్క మాట వదలకుండా నియమాన్ని ఇంగ్లీషు చేశాను. గుడ్డుముఖం కళ కాదనీ, ఆగిన పని అనీ చెప్పాను. ఒక్క పేరు రాయలేకనే ఆగిందనీ చెప్పాను.

ఆమె విగ్రహం వైపు చూసింది. చప్పట్లు కొట్టిన తమ పెద్దను చూసింది. ఆయన అప్పుడు శాలువా కప్పించుకుంటున్నాడు.

"మూడు గడుల పత్రం చేయడానికి మా విశ్వవిద్యాలయానికి ఆరు నెలలు సరిపోతాయో లేదో," అన్నది. సంతకం పెట్టి, ఇంగ్లీషు ప్రతిలో కూడా ఏడవ నియమాన్ని తన చేతితో రాసి, తమ పెద్ద ముందుకు తోసింది. ఆయన ఫోటో కోసం నవ్వుతూ చదవకుండానే సంతకం చేశాడు. చదవకపోవడంలో మాత్రం రెండు దేశాల మధ్య సంపూర్ణ సహకారం కనబడింది.

హోటలు వెనుక వాకిట విగ్రహాన్ని గడ్డి పరిచిన చెక్కపెట్టెలో పడుకోబెట్టారు. నేను వీడ్కోలు చెప్పడానికి పోయాను. మస్తాన్ పెట్టెలో ఇంకా గడ్డి కూరుతున్నాడు. అతని ముఖం పెళ్లికొడుకు ముఖం.

"ఆర్నెల్లు ఆ తల్లి కండ్లు లేకుండా ఆ దేశంలో ఏం సూస్తాదో," అన్నది లక్ష్మమ్మ.

"ఈ ఐదు దినాలు మనం సూసినాం గదా. సూడకుంటేనే సుఖం," అన్నాడు వీరాచారి. మస్తాన్ భుజం మీద రాతిపొడి దులిపి, "రేయ్, ఆడ మొగం యాడ అని అడిగితే ఏం చెప్తావు?" అన్నాడు.

మస్తాన్ మూతచెక్కను రెండు చేతులతో ఎత్తి పెట్టె మీద సరిగ్గా అమర్చాడు.

"మొగం ఆళ్లగడ్డలో ఉండాది, కావాలంటే రండి అని చెప్తా."

వీరాచారి సుత్తి అందుకుని, మొదటి మేకు తానే కొట్టాడు.